కత్తెర నేర్పు కెమెరా పాఠము

ఉదయము 7 గంటలు దాటినది. హైదరాబాదు నగరపు పడమటి అంచున, కొండరాళ్ల నడుమ నెలకొన్న ఒక చలనచిత్ర విద్యాలయపు వెనుక వరండాలో, పందొమ్మిదేండ్ల పిల్ల ఒకతె ట్రైపాడ్ కాళ్లను ఒక్కొక్కటిగా వదులుచేసి బిగించుచు, మట్టము చూపు నీటిబుడగ వలయము నడుమకు వచ్చి నిలుచువరకు ఊపిరి బిగబట్టి చూచుచున్నది. ఆమె యెదుట ఒక బల్ల. దానిపై మడిచిన ఉత్తరమొకటి, స్టీలు గ్లాసొకటి. ఇచ్చిన అభ్యాసము మిక్కిలి చిన్నది: ఒక మనిషి లోనికి వచ్చి, కూర్చుండి, ఉత్తరము విప్పి చదివి, మంచినీళ్లు త్రాగి, లేచి వెళ్లిపోవలయును. మాటలు లేవు, సంగీతము లేదు, మొత్తము రెండు నిమిషములు మించరాదు. సహాధ్యాయి యొకడు నటుడు. ఒకడు క్లాప్ బోర్డు పట్టినాడు. ఇంకొకడు తెల్లని థర్మోకోల్ షీటును అటునిటు వాల్చుచు, వరండా అంచున పడిన లేత యెండను నటుని చీకటి చెంపమీదికి మరల్చుచున్నాడు.

లాంగ్ షాట్ ముగిసినది. కెమెరా దగ్గరకు జరిగినది. క్లోజప్ ముగిసినది. “ఓకేనా?” అని నటుడడిగెను. “ఓకే రా, సేఫ్టీకి ఇంకొక్కటి తీద్దాం” అన్నది ఆ పిల్ల. పది గంటలకు ఎండ ముదిరి నీడలు గట్టిపడునప్పటికి అందరి ముఖములలోను తృప్తి కనిపించెను.

మరునాటి మధ్యాహ్నము ఎడిటింగ్ గదిలో ఆ తృప్తి నిలువలేదు. లాంగ్ షాటులో గ్లాసు కుడిచేత ఉన్నది. క్లోజప్పులో ఎడమచేతికి వచ్చినది. ఒక షాటులో ఉత్తరము చదివి తల యెత్తి నటుడు చూచినది కిటికీ వైపు. రెండవ షాటులో తలుపు వైపు. ఆ పిల్ల రెండు తునకలను ముందుకు జరిపి, వెనుకకు జరిపి, నాలుగు ఫ్రేములు కోసి, ఆరు ఫ్రేములు చేర్చి, చివరకు మౌస్ వదలి చేతులు ఒడిలో పెట్టుకొనెను. వెనుక నిలుచున్న ఉపాధ్యాయుడు చాలసేపు మాటాడలేదు.

“ఈ రెండిటి మధ్య ఎక్కడ కట్ చేస్తావమ్మా?”

“చెయ్యలేను సార్. ఎక్కడా అతకడం లేదు.”

“మరి నిన్న కెమెరాలో ఏం చూశావు?”

“ఫోకస్ చూశాను సార్.”

“సరే, రేపు మళ్లీ తియ్యి. గ్లాసు పెదవిదాకా వచ్చేచోట కట్ చేస్తానని ముందే అనుకొని తియ్యి. అప్పుడు చెయ్యి కూడా కనబడుతుంది.”

కెమెరా పట్టుట ఒక విద్య యనియు, ఎడిటింగ్ మరియొక విద్య యనియు వేరుచేసి, రెండు గదులలో ఇద్దరు గురువులచేత రెండు పాఠములుగా నేర్పించు పద్ధతి చాల చోట్ల కలదు. పరిశ్రమలో ఆ రెండును రెండు వృత్తులగుట నిజమే. కాని నేర్చుకొను దశలో అవి ఒకే విద్యకు పూర్వార్ధ పరార్ధములనియు, తాను తీసినదానిని తానే కోసి, అతికి, అతుకక విసిగి, తిరిగి కెమెరా చెంతకు పోయిన విద్యార్థికే కెమెరా వశమగుననియు ఈ వ్యాసకర్త దృఢవిశ్వాసము.

ఇంటింట కెమెరా, ఊరూర దర్శకుడు

ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడగానే ఇంజనీరింగు కౌన్సెలింగుతో పాటు ఫిల్మ్ కోర్సుల ప్రసక్తియు మధ్యతరగతి ఇండ్లలో వినవచ్చుట ఇటీవలి పరిణామము. ఒక తరము క్రిందట సినిమాలకు పోయెదనని కొడుకు చెప్పినచో ఇంట దీపము పెట్టుట మానివేసిన తల్లులు కలరు. నేడు ఆ తల్లులే కూతును వెంటబెట్టుకొని విద్యాలయపు కార్యాలయములో ఫీజు వివరములు అడుగుచున్నారు. ఈ మార్పునకు ప్రధానకారణము చేతిలోని ఫోను. పెండ్లి మేళము మొదలు పొలములో ట్రాక్టరు దిగబడుట వరకు దేనినైనను పట్టి, కోసి, పాట తగిలించి, సాయంకాలమునకు పదిమందికి చూపగల సాధనము ప్రతి యువకుని జేబులో ఉన్నది. దానికి తోడు, లఘుచిత్రములు తీసి పేరు పొందిన తరుణ్ భాస్కర్ 2016లో ‘పెళ్ళిచూపులు’ తీసి, ఉత్తమ తెలుగు చిత్రముగా జాతీయ పురస్కారము గెలిపించుట వంటి ఉదాహరణములు కన్నుల యెదుట ఉండగా, ఆ దారి మనకును తెరచియే ఉన్నదను ఆశ పిల్లలకు కలుగుట సహజము.

ఆ ఆశను నేను గౌరవించుచున్నాను. అయితే సాధనము చేత నుండుటకును విద్య చేత నుండుటకును మధ్య గల దూరమును పిల్లలకు విప్పి చెప్పువారు తక్కువ. ఫోను తనంతట తాను వెలుతురును కొలుచుకొనును, తనంతట తాను ఫోకస్ చేసికొనును, రంగులు సరిదిద్దుకొనును. అది చేయు ఆ నిర్ణయములను దాని చేతినుండి తీసికొని తన చేతిలోనికి తెచ్చుకొనుటతోనే విద్యార్థికి అక్షరాభ్యాసము మొదలగును.

వెలుతురును కొలుచుట

మొదటి నెలలో నేర్చుకొనవలసినవి మూడు. లెన్సులోని రంధ్రము ఎంత తెరచుకొనవలయునో చెప్పు ఎపర్చరు. ఒక్కొక్క ఫ్రేముపై వెలుతురు ఎంతకాలము పడవలయునో చెప్పు షట్టరు. సెన్సరు ఆ వెలుతురును ఎంతగా హెచ్చించుకొనవలయునో చెప్పు ఐఎస్ఓ. ఎపర్చరు అంకెలు 2, 2.8, 4, 5.6, 8, 11, 16 అను క్రమములో నడచును; ఒక్కొక్క మెట్టు ఎక్కినకొలది లోనికి వచ్చు వెలుతురు సగమగును. అంకె పెరిగినకొలది వెలుతురు తగ్గుట తొలివారమున అందరిని తికమక పెట్టును. అంకె చిన్నదైనచో ముఖము మాత్రము స్ఫుటమై వెనుకనున్న గోడ కరగిపోవును. పెద్దదైనచో గోడపై క్యాలెండరులోని తేదీ కూడ చదువవచ్చును. వెనుక గోడ కథకు కావలయునా వలదా అను ప్రశ్నకు సమాధానము చెప్పుకొనిన పిమ్మటనే ఆ అంకెను తిప్పవలయును.

షట్టరు సంగతి కొంత విస్తరించి చెప్పవలసి యున్నది. ఏలయనగా ఇక్కడనే మన పిల్లలు తరచుగా దెబ్బతినుచున్నారు. శ్రీకాకుళము జిల్లానుండి వచ్చిన ఒక విద్యార్థి, ప్రవేశ పరీక్షకు పంపుటకై తన నాయనమ్మ ట్యూబులైటు క్రింద కూర్చుండి చింతపండు పిక్కలు తీయుచుండగా ఫోనుతో చిత్రించెను. చూచుకొనగా గోడమీద నల్లని చారలు మెల్లగా ప్రాకుచున్నవి. ఫోను చెడిపోయినదనుకొని దుకాణమునకు తీసికొని పోయెను. ఫోనులో ఏ దోషమును లేదు. అతడు అమెరికా వారి పాఠములను చూచి, సెకనుకు 30 ఫ్రేములు, షట్టరు సెకనులో 60వ వంతు అని పెట్టుకొనెను. ఆ దేశపు విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తులది. మనది 50 ఆవృత్తులది. కావున మన ట్యూబులైటు సెకనుకు 100 మారులు ప్రకాశించి మందగించును. కన్ను దీనిని గుర్తింపదు, కెమెరా గుర్తించును. షట్టరును 50వ వంతునకు మార్చినచో ప్రతి ఫ్రేములోను సరిగా రెండు ప్రకాశములు పడి చారలు మాయమగును. ఒక్క అంకె మార్పు! “ఎవరూ చెప్పలేదు సార్. మాన్యువల్ ఇంగ్లీషులో ఉంది, మెనూ ఇంగ్లీషులో ఉంది, వీడియోలు కూడా వాళ్లవే” అని ఆ బిడ్డ చెప్పిన మాటలో మన లోపము కలదు. తెలుగు మాధ్యమమున చదువుకొని వచ్చు పిల్లలకు, మన కరెంటును, మన ఎండను, మన గోడల సున్నపు రంగును ఎరిగి వ్రాసిన కెమెరా వాచకము తెలుగులో ఒకటి ప్రతి గ్రంథాలయమునను ఉండవలసినది.

రంగు విషయమును అట్టిదే. స్టూడియోలో వాడు ఫిలమెంటు దీపపు వెలుతురు సుమారు 3200 కెల్విన్. పట్టపగటి వెలుతురు సుమారు 5600 కెల్విన్. కిటికీనుండి పగటి వెలుతురును, లోపలినుండి బల్బు వెలుతురును ఒకే ముఖముపై పడనిచ్చినచో సగము నీలముగా, సగము పసుపుగా తోచును. అది దోషమని తీసివేయవచ్చును, ఇంటిలోని వెచ్చదనమునకు బయటి చలికి గల భేదముగా నిలుపుకొనవచ్చును. ఏది చేసినను తెలిసి చేయవలయును.

> ఫిల్ము నాటి లెక్క
> 35 మిల్లీమీటర్ల ఫిల్మునందు అడుగునకు 16 ఫ్రేములు. సెకనుకు 24 ఫ్రేముల వేగమున నిమిషమునకు 90 అడుగులు నడచును. 400 అడుగుల చుట్ట నాలుగున్నర నిమిషములలోపుననే ముగియును; 1000 అడుగుల చుట్ట సుమారు 11 నిమిషములు వచ్చును. నటుడు తడబడినచో కరగిపోవునది డబ్బు. నాటి విద్యార్థి రిహార్సలును అంత శ్రద్ధగా చేయుటకు ఈ లెక్కయే కారణము.

పగటి వెన్నెల, గుడ్డ ఆకాశము

వెలుతురు లేమిని చూచి వెనుదీయవలదని చెప్పుటకు మన చరిత్రలోనే గురువులు కలరు. 1957 నాటి ‘మాయాబజార్’లో శశిరేఖాభిమన్యుల నౌకావిహారమును చూడనివారు తెలుగునాట అరుదు. మదరాసు సమీపమున ఎన్నూరులో చిత్రించిన కొన్ని క్షణముల బహిర్దృశ్యమునకు తక్కినదంతయు స్టూడియోలో కూర్చి, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే చూపరులకు వెన్నెలనే చూపెను. లోపల తీసినదేదో, వెలుపల తీసినదేదో నేటికిని ప్రేక్షకుడు లెక్కింపడు. ఆ పాటను శబ్దము తీసివేసి, ఒక్కొక్క షాటు వద్ద ఆపుచు, నీడ ఏ వైపు పడుచున్నదో కాగితముపై గీసికొని చూచిన విద్యార్థికి ఒక వారపు పాఠము ఒక సాయంకాలమున లభించును.

వంగదేశమున సుబ్రత మిత్ర, సత్యజిత్ రాయ్ తీసిన ‘పథేర్ పాంచాలి’కి కెమెరా పట్టునప్పటికి ఇరువదియొక్క యేండ్లవాడు, అంతకుమున్ను చలనచిత్రపు కెమెరాను నడిపి ఎరుగడు. తరువాత ‘అపరాజితో’ కొరకు కాశీలోని ఇంటి ముంగిలిని కలకత్తా స్టూడియోలో కట్టినపుడు, పైకప్పు లేని ముంగిటిలోనికి దిగు మెత్తని ఆకాశపు వెలుతురును తెచ్చుటకు, పైన తెల్లని గుడ్డ పరచి దీపములను దానిపైకి త్రిప్పి, పరావర్తనమైన కాంతితో చిత్రించెను. నేడు మన షూటింగులలో కుఱ్ఱవాడు పట్టుకొని నిలుచు థర్మోకోల్ షీటు చేయునది ఆ పనియే. ఖరీదు కొలది రూపాయలు.

లెన్సుల విషయమున ఒక్క మాట చెప్పి ముందుకు సాగెదను. 24 మిల్లీమీటర్ల లెన్సుతో ముఖమునకు మిక్కిలి దగ్గరగా పోయినచో ముక్కు ఉబ్బి చెవులు వెనుకకు పోవును. 85 మిల్లీమీటర్ల లెన్సుతో దూరముగా నిలిచి తీసినచో ముఖము సహజముగా నుండును. భేదమునకు మూలము లెన్సుకంటె కెమెరా నిలిచిన దూరము. ఈ సంగతి గ్రహించిన విద్యార్థి జూమును వదలి కాళ్లకు పని చెప్పును.

రేఖ దాటిన కెమెరా

ట్యాంకుబండుపై ఇద్దరు మిత్రులు బెంచీమీద కూర్చుండి మాటాడుచున్నారనుకొందము. ఒకని కన్నులనుండి రెండవవాని కన్నులకు ఒక గీత గీసినట్లు ఊహించుడు. దీనిని షూటింగులో ఇమాజినరీ లైన్ అందురు. కెమెరా ఆ గీతకు ఒక ప్రక్కనే ఉన్నంతవరకు ఒకడు కుడికి, ఒకడు ఎడమకు చూచుచు, వేరువేరు షాటులలోనున్నను ఎదురెదురుగా ఉన్నట్లే తోతురు. గీత దాటి అవతలికి పోయి తీసినచో ఇరువురును ఒకే దిక్కునకు చూచుచు, మూడవ మనిషి ఎవరితోనో మాటాడునట్లు తోతురు. షూటింగు స్థలమున సహాయ దర్శకుడు “లుక్ లెఫ్ట్”, “లుక్ రైట్” అని కేకవేయుట ఈ చిక్కు రాకుండుటకే. అట్లే, ఒకే మనిషిని ఒకే పరిమాణమున రెండుమారులు తీయునపుడు కెమెరా కనీసము 30 డిగ్రీలు జరుగవలయును. లేనిచో కోసినచోట మనిషి ఉలికిపడినట్లగును. ఫ్రెంచి దర్శకుడు గొదార్ 1960లో ‘బ్రెత్‌లెస్’ చిత్రమున ఈ ఉలికిపాటునే కోరి తెచ్చుకొనెను. నియమమును ఎరిగి ఉల్లంఘించుటకును, ఎరుగక తప్పుటకును గల భేదమును ఎడిటింగ్ బల్లయే చూపును.

షాటునుండి షాటునకు ఉండవలసిన నిరంతరత విషయమున ప్రకృతియే పరీక్ష పెట్టిన ఘట్టమొకటి కలదు. 1952లో సత్యజిత్ రాయ్ రెల్లుపూల పొలములో ‘పథేర్ పాంచాలి’ చిత్రీకరణము మొదలుపెట్టి, వారము తరువాత మిగిలిన షాటులకై మరల పోగా, పశువులు ఆ పూలన్నిటిని మేసివేసి యుండెను. తిరిగి పూచు ఋతువు వరకు ఆయన వేచియుండవలసి వచ్చెను. తెల్లని పూలు కొన్ని షాటులలో నుండి కొన్నిటిలో లేకున్న ఏమగునని వాదింపక ఆయన ఆగినాడు.

ఫిల్ము లేని పాఠశాల

ఎడిటింగ్ బోధనకు ఆద్యమైన కథ రష్యాదేశమున జరిగినది. విప్లవానంతరము, 1919లో, మాస్కోలో ప్రభుత్వ చలనచిత్ర పాఠశాల వెలసెను. పాఠశాల యుండెను, ఫిల్ము లేదు. లెవ్ కూలెషోవ్ అను యువ ఉపాధ్యాయుడు తన శిష్యులచేత, కెమెరాలో ఫిల్ము లేకయే, షాటు షాటుగా విభజించిన సన్నివేశములను రంగస్థలముమీద అభినయింపజేసెను. లభించిన పాత చిత్రములను విప్పి వేరు వరుసలో కూర్చెను. ఒక నటుని నిర్వికారమైన ముఖమును ఒకచోట సూపు గిన్నెతోను, ఒకచోట శవపేటికతోను, ఒకచోట ఆడుకొను పసిపిల్లతోను జతపరుపగా, చూచినవారు ఆకలిని, దుఃఖమును, ఆనందమును ఆ ముఖమునందే కనుగొని నటుని ప్రశంసించిరని ఆయన శిష్యుడు పుడోవ్‌కిన్ వ్రాసినాడు. ముఖము మారలేదు, ప్రక్కనున్న షాటు మారినది.

ఈ ప్రయోగమును మన విద్యార్థి తన ఇంటనే చేయవచ్చును. తండ్రి వాకిట కూర్చుండి ఊరక చూచుచున్న షాటొకటి తీసి, దాని తరువాత ఖాళీ పశువులకొట్టమును ఒకమారు, బస్సు దిగుచున్న కూతును ఒకమారు చేర్చి చూచుకొనినచో, నటన ఎంత తక్కువైనను చాలునో, కెమెరా ఎంత నిశ్చలముగానున్నను చాలునో బోధపడును. అట్లు బోధపడిన పిమ్మట ఎవడును కారణము లేక జూము చేయడు.

> కత్తెరనుండి మౌస్ వరకు
> 1924లో ఐవన్ సెరూరియర్ రూపొందించిన మూవియోలా యంత్రము ఎడిటరుకు నడచు బొమ్మను చూచుచు కోయు వీలు కల్పించెను. 1989లో ఎవిడ్, 1991లో ప్రీమియర్, 1999లో ఫైనల్ కట్ ప్రో వచ్చి కోతను కంప్యూటరులోనికి తెచ్చెను. 2003 నాటి ‘కోల్డ్ మౌంటెన్’ను ఎడిటరు వాల్టర్ మర్చ్ ఫైనల్ కట్ ప్రోపై కూర్చెను. నేడు డావించి రిజాల్వ్ వంటి సాఫ్ట్‌వేర్ ఉచిత రూపమున కూడ లభించుచున్నది.

కొక్కెములకు వ్రేలాడిన తునకలు

మదరాసు స్టూడియోల కాలమున విద్యాలయమునకు పోక పని నేర్చినవారే అధికులు. వారి పాఠశాల ఎడిటింగ్ గది. గోడప్రక్కన గుడ్డసంచి తొడిగిన పెట్టె. దానిపై వరుసగా కొక్కెములు. కొక్కెమునకొక ఫిల్ము తునక. సహాయకుడు ప్రతి తునకపైని అంకెను చదివి, తెల్ల పెన్సిలుతో గుర్తుపెట్టి, అడిగిన తోడనే అందీయవలయును. నాలుగు ఫ్రేముల తునక యొకటి కనిపింపకున్నచో సంచి అడుగంతయు దేవవలసినదే. కోసినదానిని మరల అతుకుటకు శ్రమ కలదు. అందుచేత కోయుటకు ముందే ఆలోచన జరిగెడిది. మూవియోలా నడచుచుండగా గురువు కన్ను ఎక్కడ రెప్ప వాల్చుచున్నదో, బ్రేకుపై కాలు ఎక్కడ పడుచున్నదో శిష్యుడు ప్రక్కన నిలిచి యేండ్లతరబడి చూచెడివాడు.

ఆదుర్తి సుబ్బారావు దర్శకుడగుటకు మున్ను ఎడిటరు. కె. విశ్వనాథ్ వాహినీ స్టూడియో శబ్దగ్రహణ విభాగమునుండి వచ్చినవారు. ఎడిటరు అక్కినేని సంజీవి వద్ద ఆయన కుమారుడు శ్రీకర్ ప్రసాద్, సాహిత్యము చదువుకొనిన పిమ్మట, పని నేర్చి అనేక జాతీయ పురస్కారములందిన ఎడిటరైనాడు. దర్శకుడు కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ రిహార్సలులలో సన్నివేశములకు, పాటలకు, పద్యములకు పట్టు కాలమును కొలిచి చిత్రపు నిడివిని నిర్ణయించుకొనెడివారు. కెమెరా తిరుగక ముందే ఆయన మనస్సున చిత్రము కోయబడి సిద్ధముగా నుండెడిది.

వేరొక దారి పూనానుండి వచ్చినది. ప్రభాత్ స్టూడియో ఆవరణలో 1960లో నెలకొనిన ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్‌లో చదివిన బాలూ మహేంద్ర ‘శంకరాభరణం’నకు ఛాయాగ్రాహకుడు. అచటనే చదివిన ఎ.కె. బీర్, బి. నరసింగరావు తీసిన ‘దాసి’కి పనిచేసి, ఛాయాగ్రహణమునకు జాతీయ పురస్కారమందెను. దొర గడి లోపలి మసకచీకటిలో ఒక బానిసపిల్ల నడకను ఆ చిత్రము ఎట్లు చూపినదో విద్యార్థులు తప్పక గమనింపవలయును. వెలుతురు తక్కువైనచోట కెమెరా తొందరపడలేదు. ‘బాహుబలి’కి కెమెరా పట్టిన కె.కె. సెంథిల్ కుమార్ కూడ ఆ విద్యాలయపు పట్టభద్రుడే. ఎడిటింగ్ గది దారిన వచ్చినవారును, విద్యాలయపు దారిన వచ్చినవారును ఒక విషయమున సమానులు: తమ పనికి ప్రక్కనున్న పనిని ఎరిగినవారు.

హెచ్చిన షాటులు, తగ్గిన చూపు

నేటి విద్యార్థికి ఫిల్ము ఖర్చు లేదు. ఇది గొప్ప వరము. పేదవాని కొడుకునకు కూడ ఈ విద్య అందుటకు ఇదియే కారణము. కాని ఒక మెమరీ కార్డులో గంటలకొలది పట్టుచుండుటచేత, ఎక్కడ ఆపవలయునో నిర్ణయించు భారమును పిల్లలు ఎడిటింగ్ దినమునకు వాయిదా వేయుచున్నారు. పది నిమిషముల చిత్రమునకు ఎనిమిది గంటల రష్ (కోయని చిత్రణ) తెచ్చి, దానిని ఒక్కమారైనను పూర్తిగా చూడక, బాగున్నట్లు గుర్తున్న టేకులను మాత్రము టైమ్‌లైనుపై పరచుట నేను తరచు చూచుచున్నాను. రష్ అంతయు కూర్చుండి చూచుట, ప్రతి టేకునకు రెండు మాటలు వ్రాసికొనుట విసుగు పుట్టించు పనియే. కాని ఎన్.జీ. (పనికిరాదు) అని కొట్టివేసిన టేకు తుదిలో, యాక్షన్ ముగిసి కట్ చెప్పకముందు, నటి అలసి తల వంచిన ఆ అరక్షణమే కొన్నిమారులు చిత్రమునకు ప్రాణమగును. చూడనివానికి అది దొరకదు.

శబ్దము విషయమున నిర్లక్ష్యము ఇంతకంటె హెచ్చు. మాటాడువాని ముఖమునే చూపుచు పోవు ఎడిటింగ్ మొదటి నెలలో అందరును చేయుదురు. వినువాని ముఖముపైకి ఎప్పుడు పోవలయును, తరువాతి దృశ్యపు ధ్వనిని ముందుగా ఎన్ని ఫ్రేములు వినిపింపవలయును అను ప్రశ్నలు పుట్టిననాడు అతడు నిజముగా ఎడిటింగ్ మొదలుపెట్టినాడని చెప్పవచ్చును. షూటింగు ముగిసిన తరువాత ఎవరిని కదలనీయక అర నిమిషము గది నిశ్శబ్దమును రికార్డు చేసికొనుట కూడ ఆ ప్రశ్నల తరువాతనే అలవడును. సంభాషణ లేకయే కథ నడపిన సింగీతం శ్రీనివాసరావు ‘పుష్పక విమానము’ను ఈ దృష్టితో చూచినచో, మాట లేనిచోట చప్పుడు ఎంత పని చేయునో తెలియును.

ఇక వాల్టర్ మర్చ్ తన గ్రంథమున వేసిన లెక్క విద్యార్థులకు ధైర్యమిచ్చునది. కట్ మంచిదగుటకు కావలసిన గుణములలో భావోద్వేగమునకు ఆయన 51 శాతము ఇచ్చినాడు; కథకు 23, లయకు 10; వరుసలో తుదిదైన స్థలనిరంతరతకు 4 మాత్రమే. అయినచో మొదటి ఏడాది పిల్లలను కుడిచేయి ఎడమచేయి అని ఏల వేధింపవలయునని అడుగవచ్చును. నా సమాధానమిది: ఆ 4 శాతము చేతికి వచ్చినవాడే, 51 శాతము కొరకు దానిని విడిచిపెట్టు సమయమును గుర్తింపగలడు. సరళీ వరుసలు సాధన చేయని గాయకునికి మనోధర్మము పలుకదు.

> ఫోనుతో అభ్యసించువారికి
> ఫోనును అడ్డముగా పట్టుడు. ట్రైపాడ్ లేనిచో గోడకు ఆనించుడు. తెరపై వ్రేలు నొక్కి పట్టి ఫోకస్‌ను, వెలుతురును స్థిరపరచుడు. మాన్యువల్ యాప్ ఉన్నచో సెకనుకు 25 ఫ్రేములు, షట్టరు 50వ వంతు పెట్టుడు. నటుడు కదలుటకు ముందు అయిదు సెకనులు, నిలిచిన తరువాత అయిదు సెకనులు కెమెరాను నడువనిండు. కోతకు చోటు దొరకును. తీసిన దినముననే రెండుచోట్ల కాపీ చేసి, చూచుకొని, అటుపిమ్మటనే కార్డును ఖాళీ చేయుడు.

ఇంటిలో, వీథిలో

ఈ విద్య నేర్చు ఆడపిల్లలకు ఉండు చిక్కులు వేరు. బరువైన కెమెరా ఎత్తలేవని మొదట అందురు. ఎత్తి చూపిన తరువాత రాత్రి షూటింగునకు ఎట్లు వచ్చెదవని అందురు. అభ్యాస చిత్రమునకై బస్టాండులో కెమెరా నిలిపినచో చుట్టు మూగినవారు నటుని వదలి కెమెరా పట్టిన పిల్లను చూచుచు నిలుతురు. వరండాలో మనము చూచిన ఆ పిల్లను ఇంటివారు ఎడిటింగ్ నేర్చుకొనుటకు ఒప్పుకొనిరి, గదిలో కూర్చుండి చేయు పని యని. కెమెరా కోర్సులో చేర్చుటకు ఒప్పుకొనలేదు. ఆమె ఎడిటింగ్ విభాగమున చేరి, మిత్రుల అభ్యాసములకు కెమెరా పట్టుచున్నది. ఆమె తీసిన రెండవమారు గ్లాసు దృశ్యమున నటుని చేయి లేచినచోటనే కట్ పడినది. చూచువారికి కోసిన సంగతియే తెలియలేదు.

అట్టి పిల్లలకు సంతోషము కలిగించు ఉదాహరణమొకటి చెప్పుదును. 2015లో అమెరికా దర్శకుడు షాన్ బేకర్ ‘టాంజరీన్’ చిత్రమును ఐఫోన్ 5ఎస్‌తో తీసి, తానే కూర్చెను. పదియేండ్లకు, 2025లో, ‘అనోరా’కు దర్శకత్వమునకు మాత్రమే కాక ఎడిటింగునకును ఆయన ఆస్కారు నందెను. తీసినవాడే కోయుట వలన కలుగు అధికారము అట్టిది.

విద్యాలయములకు, తల్లిదండ్రులకు

చలనచిత్ర విద్యాలయములు తమ ప్రకటనలలో ఖరీదైన కెమెరాల పేర్లు అచ్చువేయుట మానవలయునని నేను కోరను. పిల్లలకు వానిని తాకు అవకాశము కలుగుట మంచిదే. కాని మొదటి అర్ధసంవత్సరమంతయు ఒకే లెన్సుతో, మాటలు లేని రెండు నిమిషముల అభ్యాసములు చేయించి, ప్రతి అభ్యాసమును తీసిన విద్యార్థి చేతనే కోయించి, అతుకనిదానిని తిరిగి తీయుటకు కెమెరాను మరల ఇప్పించు ఏర్పాటు తప్పక ఉండవలయును. తిరిగి తీయుటకు వీలులేని పాఠ్యప్రణాళికలో విద్యార్థి తన తప్పును తెలిసికొనును గాని దిద్దుకొనలేడు.

ఈ ఋతువున బిడ్డలను వెంటబెట్టుకొని విద్యాలయముల మెట్లెక్కబోవు తల్లిదండ్రులకు ఒక మనవి. కార్యాలయములో ఫీజు రసీదు చేతికి తీసికొనుటకు ముందు రెండు ప్రశ్నలడుగుడు. మొదటి ఏడాదిలో మా బిడ్డ తాను తీసినదానిని తానే ఎన్నిమారులు కోయును? కోయునపుడు ప్రక్కన కూర్చుండు గురువు ఎవరు? ఈ రెంటికి సూటియైన సమాధానము చెప్పినచోట చేర్పించుడు. చెప్పలేనిచో ఇంకొక చోటు చూచుకొనుడు.